నెల మెస్ బిల్లు ఉండాలా, పూటకు కూపన్ పెట్టాలా?

పుత్తూరు ప్యాసింజర్:

తిరుపతిలోని మా కళాశాల హాస్టల్‌లో వచ్చే విద్యాసంవత్సరం నుంచి మెస్ పద్ధతి మార్చాలా వద్దా అని వార్డెన్ గారు విద్యార్థుల అభిప్రాయం అడిగారు. ఇప్పుడున్నది డివైడింగ్ పద్ధతి. నెలంతా అయిన ఖర్చును అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగించి, రోజుకు ఎంత పడిందో తేల్చి, ఎవరి రోజులకు తగ్గట్టు వారికి బిల్లు వేస్తారు. వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. చిక్కంతా ‘తిన్న రోజు’ అన్న మాటకు మెస్ ఇచ్చుకున్న అర్థంలో ఉంది. వరుసగా మూడు రోజులు లేకపోతేనే, అదీ ముందుగా కాగితం రాసి ఇస్తేనే, మెస్ కట్ ఇస్తారు, అంటే ఆ రోజులను బిల్లులోంచి తీసేస్తారు. నేను శనివారం ఇంటికి వెళ్లి సోమవారం పొద్దున రైలుకు తిరిగి వస్తాను. ఆ రెండు రోజులూ నేను మెస్‌లో తిన్నట్టే లెక్క.

పోయిన నెల రికార్డు పుస్తకం చివరి పేజీలో పూటపూటకూ గీత గీసుకుంటూ వచ్చాను. 30 రోజులకు 90 పూటలు కాగా, నేను మెస్‌లో కూర్చుని తిన్నవి 57. ఇంటికి వెళ్లిన పూటలు, శనివారం ఒక్కపొద్దులు, ప్రాక్టికల్స్ ఆలస్యమై వచ్చేసరికి మెస్ తలుపు వేసేసిన మధ్యాహ్నాలు పోగా మిగిలినవి అవి. తినని 33 పూటలకు కూడా డబ్బు కట్టాను. తిన్న పూటకే కూపన్ కొనుక్కునే పద్ధతి వస్తే ఈ అన్యాయం తీరుతుందని నా వాదన. కాదనేవారు కారణం చెప్పండి.

మాజీ మెస్ ప్రతినిధి:

తమ్ముడూ, నీ 33 పూటల లెక్కను నేను కాదనను. రెండేళ్లు మెస్ ప్రతినిధిగా ఉండి, స్టోర్ గదిలో కాటా పక్కన నిలబడి ఇండెంట్, అంటే ఆ రోజు వంటకు తీసే సరుకుల పట్టీ, రాయించినవాణ్ని కనుక, ఆ డబ్బు ఎటు పోయిందో మాత్రం చెప్పగలను. అందులో పెద్ద వాటా నువ్వు తిన్నా తినకున్నా వెలిగే పొయ్యికి పోయింది.

ఒక ఊహాలెక్క వేసుకుందాం. 300 మంది ఉన్న మెస్‌కు నెలకు 9 లక్షలు ఖర్చవుతున్నదనుకో. అందులో వంటవారి, సహాయకుల జీతాలు, గ్యాస్, కరెంటు, పాత్రల మరమ్మతు కలిపి 3 లక్షల 60 వేలు. బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు కలిపి 5 లక్షల 40 వేలు. తలకు 3,000 రూపాయలు పడుతుంది. అందులో 1,200 పొయ్యి ఖర్చు, 1,800 సరుకు ఖర్చు. ఇప్పుడు కూపన్లు వచ్చి 100 మంది బయట తినడం మొదలుపెట్టారు. సరుకు ఖర్చు తలకు 1,800 దగ్గరే ఆగుతుంది. గ్యాస్ కొంత తగ్గుతుందేమో గానీ, వంటవారిలో మూడోవంతు మందిని ఇంటికి పంపలేం కనుక, ఆ 3 లక్షల 60 వేలు దాదాపుగా అలాగే 200 మంది మీద పడి తలకు 1,800 అవుతుంది. అంటే ఉన్నవారి బిల్లు ఇంచుమించు 3,600 రూపాయలకు చేరుతుంది. ఆ ఉన్నవారు ఎవరు? బాలాజీ కాలనీకి వెళ్లి బిర్యానీ తినే స్తోమత లేనివారు. బయటికి వెళ్లినవాడు వదిలిన వాటాను కూడా వాళ్లే మోయాలి.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. నేనున్న ఏడాది ఆదివారం రాత్రికి కూపన్ పెట్టి చూశాం. మొదటి వారం 120 మందికి వండితే 70 మంది వచ్చారు. మిగిలిన సాంబారు గుండిగను ఇద్దరు సహాయకులు చెరో పక్క పట్టుకుని వెనక కాలువ దాకా మోసుకెళ్లి వంచడం నేను కళ్లారా చూశాను. రెండో వారం జాగ్రత్తపడి 70 మందికే బియ్యం కొలిస్తే, ఊళ్ల నుంచి రాత్రి రైళ్లకు తిరిగి వచ్చినవారితో కలిపి 110 మంది అయ్యారు. వరుస చివర నిలబడ్డ 40 మంది కోసం మళ్లీ ఎసరు పెట్టి అన్నం వండారు గానీ కూర లేదు. ఊరగాయ, మజ్జిగ వేసుకుని లేచారు. మూడో వారం కూపన్ల పుస్తకం తెరిచినవాడే లేడు.

కొండ మీద లేని ఇబ్బంది మనకెందుకని ఎవరో ఒకరు అడుగుతారు కనుక అదీ చెబుతాను. 1985లో మొదలైన తిరుమల అన్నదానం భక్తుల విరాళాల మీద నడుస్తుంది. పైగా వెంగమాంబ అన్నప్రసాద భవనంలో పంక్తి వెనక పంక్తి కూర్చుంటూనే ఉంటుంది కనుక, ఒక పంక్తికి మిగిలింది తరువాతి పంక్తికి పోతుంది. మన మెస్‌లో 8 గంటలకు తలుపు తీస్తే 8:40కి అందరూ క్లాసుకు పరుగు. మిగిలితే ఇక మిగిలినట్టే.

మూడో అంతస్తు, మహిళా హాస్టల్:

ఈ చర్చలో ‘బయట తినడం’ అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు మా హాస్టల్ గేటు గుర్తొస్తోంది. సాయంత్రం గేటు వేశాక మాకు మెస్ తప్ప మరో దారి లేదు. మెస్ నచ్చకపోతే కూపన్ కొనకుండా బయటికి వెళ్లగల స్వేచ్ఛ అబ్బాయిలకు ఉంటుంది. ధర పెరిగితే భరించవలసింది మాత్రం మేము.

ఇంకొక సంగతి. నేను డిగ్రీ చదివేటప్పుడు వేరే ఊళ్లో కూపన్ పద్ధతి ఉన్న ఒక ప్రైవేటు హాస్టల్‌లో ఉన్నాను. నెల మొదట్లో కూపన్ల కట్ట కొనుక్కోవాలి. నా గదిలోని అమ్మాయి పొద్దుటి టిఫిన్ కూపన్లు వాడకుండా దాచి, సగం ధరకు ఇతరులకు అమ్మి, ఆ డబ్బుతో ఫోన్ రీచార్జి చేసుకునేది, కొంత తమ్ముడికి పంపేది. పదకొండు గంటలకు ల్యాబ్‌లో కళ్లు తిరిగి బల్ల పట్టుకుని నిలబడేది. అడిగితే ఆకలి లేదనేది. డబ్బు ముందే కట్టేసి ఉంటే తినకపోవడం వల్ల ఆమెకు మిగిలేది ఏమీ లేదు కనుక, ఆ పిల్ల కిందికి దిగి రెండు ఇడ్లీలైనా తినేది. పూట మానితే డబ్బు మిగిలే పద్ధతిలో, డబ్బు అవసరమున్నవారే ముందుగా పూట మానుతారు.

హోం సైన్స్ పీజీ:

బిల్లు ఎలా కడతామన్నదాని మీదే అందరూ మాట్లాడుతున్నారు, కంచంలో ఏముందో ఎవరూ అనడం లేదు. జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి రోజుకు ప్రతి కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 55 కిలోల విద్యార్థికి 45 గ్రాములకు పైగా. పూటకు తలకు 25 గ్రాముల కందిపప్పు వేసి, దాన్ని బకెట్ల నిండా పప్పుచారుగా సాగదీస్తే, ఆ పూట పప్పు నుంచి వచ్చేది 5 లేదా 6 గ్రాములు. ఒక కోడిగుడ్డు ఇచ్చేది కూడా ఇంచుమించు అంతే. బిల్లు తగ్గించమని ఒత్తిడి పెరిగిన ప్రతిసారీ మెస్‌లో మొదట పలుచబడేది పప్పే. అందుకని ఏ పద్ధతి పెట్టినా తలకు ఇన్ని గ్రాముల పప్పు అని స్టోర్ గది తలుపు మీద రాయించాలని నా కోరిక.

చర్చకు కాస్త పక్కదే అయినా, చిత్తూరు జిల్లా పిల్లలు సగం మంది ఉన్న మెస్‌లో రాగిసంగటి ఎందుకు లేదని మా వంట మాస్టరును అడిగాను. వందల మందికి తెడ్డుతో కెలకాలంటే భుజాలు పడిపోతాయనీ, ఆరితే గట్టిపడి ఎవరూ ముట్టరనీ ఆయన జవాబు. కాదనలేకపోయాను.

చంద్రగిరి డే స్కాలర్:

మాజీ ప్రతినిధి గారి లెక్కలో కూపన్ వస్తే మనుషులు తగ్గడమే ఉంది, పెరగడం ఎందుకు లేదు? మా తరగతిలో సగానికి పైగా రోజూ వచ్చిపోయేవాళ్లమే. మధ్యాహ్నం మాకు మెస్‌లోకి ప్రవేశం లేదు. ఎవరి అతిథిగానైనా గెస్ట్ టోకెన్ మీద వెళ్లాలి. మాకు మధ్యాహ్న భోజనానికి కూపన్ అమ్మితే ఆ పొయ్యి ఖర్చులో మేమూ వాటా పంచుకుంటాం కదా. పైగా ఊళ్లో అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు భోజనం పెడుతుంటే, కళాశాల లోపల ఇంత ఎందుకు అవుతుందో కూడా ఎవరైనా చెప్పాలి.

బి.కాం. చదివినవాడు:

చంద్రగిరి మిత్రుని మొదటి మాట విలువైనది, రెండో మాట నిలవదు. అన్న క్యాంటీన్‌లో మనిషి చెల్లించేది 5 రూపాయలు, మిగిలినది ప్రభుత్వమూ దాతలూ భరిస్తున్నారు. మెస్‌కు అలా భరించేవారు లేరు.

కూపన్ పద్ధతి అంటే ఆచరణలో మెస్‌ను కాంట్రాక్టరుకు అప్పగించడమే అవుతుంది. ఖాళీ కుర్చీల నష్టం మోయడానికి కళాశాల ముందుకు రాదు. అప్పుడు పన్ను కూడా వస్తుంది. కళాశాల తానే మెస్ నడిపి తన విద్యార్థులకు భోజనం పెడితే జీఎస్‌టీ లేదనీ, బయటివారు కాంట్రాక్టు మీద పెడితే 5 శాతం పడుతుందనీ 2018 జనవరిలోనే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది.

అన్నిటికంటే పెద్ద సంగతి అప్పు. 2020లో విద్యార్థుల హాస్టల్, భోజన ఖర్చులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే వసతి దీవెన పథకం మొదలైనప్పుడు డిగ్రీ, ఆపై చదువులవారికి ఏడాదికి 20,000 రూపాయలను రెండు విడతల్లో తల్లి ఖాతాలో వేసేలా నిర్ణయించారు. పది నెలలకు పంచుకుంటే నెలకు 2,000, రోజుకు 67 రూపాయలకు లోపే. ఆ విడత ఎప్పుడు పడుతుందో అని ఎదురుచూస్తూ ఉన్నవాడికి నెల బిల్లు ఒక రకంగా చేబదులు అయ్యేది. బాకీ పేరుకునేది, బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ కాగితం కోసం పరీక్షల ముందు ఆఫీసు చుట్టూ తిరగాల్సి వచ్చేది, ఆ అవమానం నాకూ తెలుసు. అయినా ఆ నెలలన్నీ కడుపు నిండింది. కూపన్ కౌంటర్లో అరువు ఉండదు.

పుత్తూరు ప్యాసింజర్:

అన్నా, అక్కా, మీ మాటలు చదివాక నా కోరికను మార్చుకుంటున్నాను. అప్పు సంగతి నాకు తట్టనేలేదు. మా నాన్న ఏ నెలకానెల పంపుతాడు కనుక తట్టలేదేమో. నెల బిల్లు ఉండనివ్వండి. అయితే మూడు రోజుల నిబంధన పోవాలి. ముందురోజు రాత్రి భోజనం వేళకు పేరు రాస్తే ఒక్క రోజుకైనా మెస్ కట్ ఇవ్వాలి. మధ్యాహ్నం డే స్కాలర్లకు కూపన్ అమ్మాలి, అదీ పొద్దున తొమ్మిదిలోపు కొన్నవారికే. అప్పుడు వంట మాస్టరుకు సంఖ్య తెలుస్తుంది.

మాజీ మెస్ ప్రతినిధి:

దీనికి నేను సంతకం పెడతాను, ఒక్క మినహాయింపుతో. ఒక రోజు కట్ ఇస్తే సరుకు ఖర్చు వరకే తగ్గించాలి, పొయ్యి ఖర్చు అందరి మీదా నెలంతా ఉండాలి. నా ఊహాలెక్కలో రోజుకు 100 రూపాయలైతే 60 తగ్గుతుంది, 40 ఉంటుంది. ఇది ఒప్పుకోకపోతే శని, ఆదివారాల్లో ఉండిపోయే దూరపు ఊళ్ల పిల్లలు మళ్లీ మీ వాటా మోస్తారు.

పుత్తూరు ప్యాసింజర్:

ఆ 40 నాకు సమ్మతమే. మరి శనివారం ఒక్కపొద్దు సంగతి? పగలు ఏమీ తినం, రాత్రికి ఉప్మా తింటాం.

మాజీ మెస్ ప్రతినిధి:

అది రోజు కట్ కాదు, పూట కట్. మామూలు రోజుల్లో లెక్క రాయడానికే ఒక మనిషి కావాలి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల పెరటాసిలోని నాలుగు శనివారాలకు మాత్రం శుక్రవారం రాత్రి స్టోర్ గది పలక మీద పేర్లు రాయించి చూద్దాం. పోయిన ఏడు ఒక్కపొద్దు అని చెప్పి, మధ్యాహ్నం వరుసలో కంచం పట్టుకుని నిలబడ్డవాళ్ల పేర్లు నా దగ్గర ఇంకా ఉన్నాయి.