సమస్యాపూరణం: చచ్చినట్టివాఁడె సమరవిజయి

మోడరేటర్ (మల్లేశ్వరం): ఈ వారం సమస్య పైనే ఉంది. నియమం ఒక్కటే. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో 60వ లెవెల్ వారియర్‌కి (యోధుడికి) ఏ జాతి తీసుకోవాలో పూరణలో తేలాలి. ఎనిమిది జాతులూ వారియర్ కాగలవు కాబట్టి దారి లేదని ఎవరూ తప్పించుకోలేరు. పద్యంలో ఇంగ్లీషు పడితే తీసేస్తా, వ్యాఖ్యల్లో మీ ఇష్టం.

జయనగర జాణ:

భయపు మంత్ర మేయఁ బరువెత్తు సైన్యంబు
ప్రేతజాతివాఁడు బెదరఁ డచట
నేమి జాతి యనుచు నేల సందేహంబు
చచ్చినట్టివాఁడె సమరవిజయి

యలహంక యతి: సమస్య చూడగానే అన్‌డెడ్ (ప్రేతజాతి) అని అందరికీ తడుతుంది. తట్టినదాన్ని ముందుగా పెట్టేయడం కూడా ఒక విద్యే!

బసవనగుడి బండరాయి: "అచట" అంటే ఎచటమ్మా? గణం నింపడానికి తెచ్చిన మాట. పైగా ప్రేతజాతికి భయం అంటకుండా చేసే విల్ ఆఫ్ ది ఫర్సేకెన్ పనిచేసేది 5 సెకన్లు, మళ్లీ అందేది 2 నిమిషాలకి. ఈలోగా మాగ్మడార్ అనే బాస్ (పెద్ద శత్రువు) ఇంకోసారి భయపెడతాడు. అప్పుడు మీ ప్రేతం కూడా సైన్యంతో పాటే పరువెత్తాలి. వారియర్ విద్య బెర్సర్కర్ రేజ్ నొక్కితే ఏ జాతివాడైనా 10 సెకన్లు బెదరడు, అదీ 30 సెకన్లకోసారి.

జయనగర జాణ: బెర్సర్కర్ రేజ్‌కి స్టాన్స్ (పోరాట భంగిమ) మార్చాలి కదండీ. అలా మార్చినప్పుడు, టాక్టికల్ మాస్టరీ అనే టాలెంట్‌లో 5 పాయింట్లూ పెట్టినా రేజ్ (దెబ్బలకి వాడే శక్తి) 25 మించి నిలవదు, మిగతాది గాలికే. ఆ స్టాన్స్‌లో ఉన్నంతసేపూ దెబ్బ 10 శాతం ఎక్కువ తగులుతుంది. ట్యాంక్ చేసేవాడు (శత్రువు దెబ్బలు తన మీదకి తీసుకునేవాడు) డిఫెన్సివ్ స్టాన్స్ వదలకుండా ఒక భయాన్నైనా దాటడమే నా పద్యంలో విషయం. "అచట" మాత్రం ఒప్పుకుంటా.

మోడరేటర్ (మల్లేశ్వరం): "బెదరఁ డొకఁడె / యేమి జాతి" అనండి. పూరక పదం పోతుంది, అర్థమూ బిగుస్తుంది.

మారతహళ్లి మామ: అందరూ శవం చుట్టూ తిరుగుతున్నారు. విరుపు చూడండి:

మనుజజాతి నెంచి మంచి ఖడ్గముఁ బూని
మూడు వంద లయిదు ముట్టెనేని
గుఱియె తప్ప దింక ఘోరరాక్షసి తానె
చచ్చి నట్టివాఁడె సమరవిజయి

రాక్షసి అంటే ఆటలోని డ్రాగన్ బాస్ ఒనిక్సియా; 305 ఆయుధ నైపుణ్యం లెక్క. ఆవిడ "చచ్చిన, అట్టివాఁడె" విజయి.

యలహంక యతి: ఆహా! "మూడు వంద లయిదు ముట్టెనేని"! అంకెకి యతి ఇంత హాయిగా కుదరడం అరుదు. మామగారికి వీరతాడు.

బసవనగుడి బండరాయి: వీరతాడు కాస్త ఆపండి. "చస్తే" అన్న అర్థంలో అది "చచ్చినన్". ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్నది. దాని మీద అచ్చు పడితే "చచ్చిననట్టివాఁడె" అవుతుంది, ఒక అక్షరం పెరుగుతుంది. మామగారు ఆ నకారాన్ని మింగేశారు. "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కొంచెం సర్దుకోండి) అనడానికి ఇది బెంగళూరు బీఎంటీసీ బస్సులో సీటు కాదు. సమస్యాపాదాన్ని ముట్టుకోకూడదు గనక దీనికి మరమ్మతు కూడా లేదు.

ఇక విషయం. "గుఱి తప్పదు" శుద్ధ అబద్ధం. 63వ లెవెల్ బాస్ మీద 300 నైపుణ్యం ఉన్నవాడికి 9 శాతం హిట్ (గురి పెంచే అదనం) కావాలి, 305 ఉంటే 6 చాలు. అంటే హిట్ ఇచ్చే గేర్ (ఆయుధాలు, కవచాలు) లేకపోతే తప్పుతూనే ఉంటుంది. అసలు లాభం గ్లాన్సింగ్‌లో. మామూలు దెబ్బల్లో 40 శాతం పక్కకి జారతాయి. 300 దగ్గర ఆ జారిన దెబ్బకి 35 శాతం నష్టం, 305 దగ్గర 15 శాతమే. స్పెషల్ దెబ్బలకి ఈ బాధ లేదు. మనిషికి ఆ +5 కత్తి, గద పట్టినప్పుడే. చేతిలో గొడ్డలి ఉంటే మనిషైనా సున్నా, అది ఓర్క్ జాతి సొత్తు.

జయనగర జాణ: ఎడ్జ్‌మాస్టర్స్ హ్యాండ్‌గార్డ్స్ తొడిగితే కత్తికీ గొడ్డలికీ బాకుకీ +7 వస్తుంది. నా ప్రేతం 307 ముట్టుతుంది, మామగారి మనిషి కన్నా రెండు ఎక్కువే. కొనే బంగారం ఉండాలి, అంతే.

మారతహళ్లి మామ: బండరాయిగారూ, వ్యాకరణం తర్వాత. మీ పూరణ ఏదీ?

బసవనగుడి బండరాయి: ఇదిగో, ప్రశ్నార్థకం:

వృషభజాతివాఁడు విరుచుకుని తొక్కిన
నైదుగురును నిలుతు రచలగతిని
ప్రేత మేల యింకఁ బెనుగొమ్ము లున్నవి
చచ్చినట్టివాఁడె సమరవిజయి?

టారెన్ (వృషభజాతి) తొక్కుడు, వార్ స్టాంప్: 8 గజాల లోపల ఐదుగురి వరకు 2 సెకన్లు స్తంభిస్తారు. ఆయుష్షు 5 శాతం అదనం.

మారతహళ్లి మామ: "విరుచుకుని"! వేళ్లు మడిచి లెక్కపెట్టండి స్వామీ, ఐదు లఘువులు. ఇంద్రగణాల్లో అలాంటిది ఎక్కడ ఉంది? నేను ఒక అక్షరం మింగితే తమరు ఒకటి ఎక్కువ వడ్డించారు. "విరుచుక తొక్కిన" అంటే సరిపోయేది. "తొక్కిన / నైదుగురు" దగ్గర మాత్రం ద్రుతం భద్రంగా ఉంది, అదీ ఒక ఓదార్పు.

విషయంలోనూ లోపమే. స్టాంప్ వేయడానికి అర సెకను పడుతుంది, ఆలోగా ఎదుటివాడు పక్కకి తప్పుకుంటాడు. ఎదుట ఓర్క్ ఉంటే స్తంభన మీద 25 శాతం ప్రతిఘటన కూడా ఉంది. "ఐదుగురును" అని అంత ధీమాగా ఎలా అంటారు?

యలహంక యతి: బండరాయిగారి పాత "బర్నింగ్ క్రూసేడ్" (ఈ ఆటకి వచ్చిన తర్వాతి భాగం) పూరణ గుర్తుందా? బ్లడ్ ఎల్ఫ్ జాతి వారియర్‌ని రంగంలోకి దించారు. ఆ ఆట వచ్చింది 2007లో, బ్లడ్ ఎల్ఫ్‌లకి వారియర్ దక్కింది 2010లో, మరో భాగం కేటక్లిజమ్‌తో. మూడేళ్ల ముందే పుట్టిన వీరుడు!

బసవనగుడి బండరాయి: అది ఉత్పలమాల. ఛందస్సులో ఒక్క దోషం చూపించండి చూద్దాం.

జయనగర జాణ: ఛందస్సు బాగానే ఉంది, వీరుడే లేడు.

మోడరేటర్ (మల్లేశ్వరం): చాలు. విరుపు మామగారిది బాగుంది కానీ ద్రుతం పోయింది. బండరాయిగారి ప్రశ్న బాగుంది కానీ గణం పోయింది. నిలిచింది జాణ పద్యమే, "అచట" తీసేశాక. వచ్చే వారానికి: పొట్టివాఁడె గెలిచెఁ బోరిలోన. ఆ పొట్టి జాతి గ్నోమా, డ్వార్ఫా అన్నది పద్యంలోనే తెలియాలి.

బసవనగుడి బండరాయి: డ్వార్ఫే. స్టోన్‌ఫామ్ 8 సెకన్లు, విషం, రోగం, నెత్తురు కారడం ఏదీ అంటదు, కవచం 10 శాతం పెరుగుతుంది.

మారతహళ్లి మామ: గ్నోమ్‌కి ఎస్కేప్ ఆర్టిస్ట్ ఉంది. కాళ్లకి బంధం వేస్తే ఊడిపోతుంది. తమరు ముందు లఘువులు లెక్కపెట్టుకుని రండి.