కోరింగ మడ అడవిలోని సెరియాప్స్ మొక్కను పువ్వు లేకుండా గుర్తించడం ఎలా?

కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యంలో, నడకదారి పక్కన బురదనేలలో పెరుగుతున్న ఒక పొద సెరియాప్స్ డెకాండ్రా జాతిదా, సెరియాప్స్ టగాల్ జాతిదా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్రజాబితాలో మొదటిది ముప్పుకు చేరువలో ఉన్న జాతి, రెండవది అంతగా ఆందోళన అవసరం లేని జాతి. కాబట్టి పేరు తప్పుగా నమోదైతే ఆ మొక్కకు దక్కవలసిన శ్రద్ధ దక్కకుండా పోతుందని నా బాధ.

పొద దాదాపు రెండు మీటర్ల ఎత్తుంది. ఆకులు ఎదురెదురుగా, కొస గుండ్రంగా, దళసరిగా ఉన్నాయి. పూరేకుల అంచును బట్టి రెండింటినీ వేరు చేయవచ్చని చదివాను గానీ, సెప్టెంబరులో చూసినప్పుడు పువ్వు ఒక్కటీ లేదు. చెట్టుకు ఉండగానే కాయ నుంచి పెరిగే మొలకలు పది సెంటీమీటర్ల లోపే ఉన్నాయి, వాటిపై గాడులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కొన్ని పక్కకు చాచుకుని, కొన్ని కొద్దిగా వాలి ఉన్నాయి. మొలక పైభాగాన ఉండే పట్టీ రంగును బట్టి చెప్పవచ్చంటారు, అది ఇంకా బయటపడలేదు. ఫొటోలతో గుర్తించే యాప్ ఒక్కో ఫొటోకు ఒక్కో పేరు చూపింది. అభయారణ్యం కనుక కొమ్మ తుంచలేదు, తుంచను కూడా.

పువ్వూ, ముదిరిన మొలకా లేని దశలో, ఫొటోలో పట్టుకోగలిగే ఏ లక్షణాన్ని బట్టి ఈ రెండు జాతులను నమ్మకంగా వేరు చేయవచ్చు?