నౌబాను ‘రాగమాలిక’ అనవచ్చా?

ప్రశ్న: మొరాకో యూదుల పాటల మీద ఒక వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో అడుగడుగునా ‘నౌబా’ అనే మాట వస్తోంది. ఒకదాని వెనుక ఒకటిగా పాడే పాటల వరుస అని అర్థమైంది. ‘రాగమాలిక’ అని రాస్తే మన పాఠకులకు సులువుగా అందుతుందనుకుంటున్నాను. పెద్దలు ఏమంటారు?

జవాబు: రాగమాలిక వద్దండి. సులువుగా అందుతుంది, కానీ తలకిందులుగా అందుతుంది. రాగమాలికలో మారేది రాగం. నౌబాలో మారేది తాళం.

మొరాకోలో ‘అల్-ఆల’ అని పిలిచే అందలూసీ సంగీతంలో, అంటే ఒకప్పటి ముస్లిం స్పెయిన్ నుంచి వచ్చిన సంగీతంలో, ఇప్పుడు 11 నౌబాలున్నాయి. రమల్ అల్-మాయా, ఇస్బహాన్, రస్ద్, ఉష్షాఖ్, ఇరాఖ్ అల్-అజమ్ వంటివి. ఆ పేర్లు స్వరపద్ధతులవి. అక్కడివారు స్వరపద్ధతిని ‘తబ్’ అంటారు, అంటే స్వభావం అని. రాగభావం అన్నప్పుడు మనం చెప్పదలచుకున్నది కూడా అదే కదా! ఒక్కో నౌబాలో ఐదు విభాగాలు, ఒక్కో విభాగానికి ఒక్కో తాళం: బసీత్, ఖాయిమ్ వ నిస్ఫ్, బతాయ్హీ, దర్జ్, ఖుద్దామ్. ఏ విభాగమైనా నింపాదిగా మొదలై, చివరికి వచ్చేసరికి పరుగందుకుంటుంది. అన్నిటికంటే ముందు తాళం లేకుండా వాద్యాలు పలికించే భాగం ఒకటి ఉంటుంది. దాన్ని ఆలాపన అన్నా తప్పులేదు. నౌబా మొత్తం వినిపించాలంటే గంటల తరబడి పడుతుంది కనుక కచేరీలో సాధారణంగా ఒక విభాగాన్నే తీసుకుంటారు.

ఇక మాట సంగతి. నౌబా మనకు పరాయిది కాదు. మన ‘నౌబత్తు’ ఆ అరబ్బీ మాటే. మూలార్థం ‘వంతు’. బాగ్దాదు అబ్బాసీ దర్బారులో గాయకులు వంతులవారీగా పాడేవారు. ఆ వంతుకు నౌబా అని పేరు. తర్వాత ఆ వంతులో పాడే పాటల వరుసకు అదే పేరు స్థిరపడి పశ్చిమానికి వెళ్ళింది. తూర్పున కోటగుమ్మాల మీద వేళ ప్రకారం మోగించే నగారాకు, సన్నాయికి నౌబత్ అయింది. నౌబత్‌ఖానా అలా వచ్చినదే. హైదరాబాదులో బిర్లా ప్లానెటేరియం ఉన్న గుట్టను నౌబత్ పహాడ్ అనడం అందరికీ తెలిసిందే. ఫర్మానాలు చదివే ముందు అక్కడ నగారా మోగించేవారని చెబుతారు. ఉర్దూలో ‘ఇంతవరకు నౌబత్ వచ్చింది’ అంటే పరిస్థితి ఇక్కడిదాకా వచ్చిందని. అందులోనూ లోపల ఉన్నది వంతే. ‘నౌబత్తు: పెద్ద నగారా’ అని అర్థం చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. వాద్యానికి పేరు రాకముందు వేళకు, వంతుకు వచ్చింది.

మీ వ్యాసానికి ఇదే ముఖ్యం. మొరాకో యూదులు శీతకాలంలో సబ్బాతు నాడు, అంటే శనివారం, తెల్లవారకముందే సమాజమందిరంలో చేరి హీబ్రూ విన్నపాల పాటలు పాడతారు. వాటిని ‘బకషోత్’ అంటారు. వారానికొక నౌబా ప్రధానంగా నడుస్తుంది. ఏ వారం ఏది అన్నది ‘షీర్ యెదీదోత్’ అనే పాటల పుస్తకంలో వరుసగా కూర్చి ఉంది. అది 1921లో మరకేష్‌లో అచ్చయింది. అంటే నౌబాలకు మళ్ళీ వంతులు వచ్చాయన్నమాట! సబ్బాతు నాడు వాద్యాలు ముట్టరు. ‘అల్-ఆల’ అంటే అరబ్బీలో ‘వాద్యం’. వాద్యం పేరే పెట్టుకున్న సంగీతాన్ని ఒక్క వాద్యం లేకుండా, గొంతులతోనే పాడుతున్నారు. మీ అనువాదంలో ఈ సంగతిని అడుగున చిన్న గమనికగా తోసెయ్యకండి, అసలు వ్యాసంలోనే ఒక పేరా ఇవ్వండి.

మరొకరు: అన్యథా భావించకండి, నౌబాలో స్వరపద్ధతి ఒక్కటే అనడం పూర్తిగా కుదరదు. కొన్ని నౌబాలు మరుగున పడ్డప్పుడు వాటిలో మిగిలిన పాటలను ఉన్నవాటిలో కలిపారు. అందుకే ఒక నౌబా వింటూ ఉంటే వేరే తబ్‌కు చెందిన పాటలూ తగులుతాయి.

జవాబు: నిజమేనండి, మంచి మాట చెప్పారు. 1800 ప్రాంతంలో తెతువాన్ ఊరివాడు అల్-హాయిక్ కూర్చిన పాటల సంపుటి కూడా ఈ 11 నౌబాల ప్రకారమే ఉంది. అంటే అప్పటికే మిగిలినవి ఇవేనన్నమాట. అయినా రాగమాలిక వద్దనే అంటాను. రాగం మారడం రాగమాలికకు అందం. ఇక్కడ అది ఉన్న పాటలను పోగొట్టుకోకుండా చేసుకున్న సర్దుబాటు. ‘నౌబా’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ‘ఒకే స్వరపద్ధతి ప్రధానంగా, తాళాలు మారుతూ సాగే పాటల వరుస’ అని వివరిస్తే చాలు.

ప్రశ్న అడిగినవారు: చాలా మేలు చేశారు. వాద్యాల పేర్లు కూడా అలాగే ఉంచనా? రబాబ్, తార్, కమంజా, ఊద్ వస్తున్నాయి.

జవాబు: ఉంచండి, కానీ రెండింటి దగ్గర జాగ్రత్త. రబాబ్ అనగానే మనవాళ్ళకు మీటి వాయించే అఫ్ఘాన్ రబాబు మెదులుతుంది. మొరాకో రబాబ్ వేరు. పడవ ఆకారంలో ఉంటుంది, తీగలు రెండే, పొట్టి కమానుతో వాయిస్తారు. ఇంకా చిక్కు పెట్టేది ‘తార్’. ఇరాన్‌లో అది తీగల వాద్యం, మన సితారులో ఉన్నదీ తీగ అనే అర్థమే. మొరాకోలో మాత్రం తార్ అంటే గలగలలాడే బిళ్ళలున్న చిన్న చేతి వాద్యం, కంజీరకు దగ్గర. ‘తార్ తీగలు మీటాడు’ అని ఎవరైనా దిద్దేస్తే వాక్యం పాడైపోతుంది. కమంజా ఇప్పుడు మనకు తెలిసిన వయొలిన్‌నే, కాకపోతే మోకాలి మీద నిలబెట్టి వాయిస్తారు. ఊద్‌ను దయచేసి వీణ అనకండి. దానికి మెట్లు లేవు, మెట్ల మీద నడిచే వీణతో ఎలా పోలుస్తాం?

ప్రశ్న అడిగినవారు: ఇంకొకటి. ఒక చరణం హీబ్రూలో, ఒక చరణం అరబ్బీలో ఉన్న పాటలను ‘మత్రూజ్’ అన్నారు. మణిప్రవాళం అనవచ్చా?

జవాబు: ఇక్కడ మాత్రం సంతోషంగా అనండి. ముత్తుస్వామి దీక్షితులు సంస్కృతం, తెలుగు, తమిళం కలిపి చేసిన కృతులను మణిప్రవాళమనే అంటాం కదా. మత్రూజ్ అంటే దారాలతో బుటాలు కుట్టినది. అక్కడ కుట్టుపని, ఇక్కడ ముత్యం, పగడం. రెండు ఉపమానాలూ పక్కపక్కన కనబడితే పాఠకుడికి ఆనందం. కనుక ‘మత్రూజ్ అనే మణిప్రవాళం’ అని ఒకసారి రాసి, తర్వాత మత్రూజ్‌తో కొనసాగించండి.

మరొకరు: వ్యాసంలో అల్జీరియా కూడా ఉంటే ఒక మాట. అక్కడి పాటలను సేకరించి 1904లో అచ్చువేసిన ఎడ్మండ్ నాథన్ యాఫిల్ అల్జీర్స్ యూదుడు. అల్జీరియాలోనే ఉన్న కాన్‌స్టాంటీన్ నగరంలో ఈ సంగీతాన్నే ‘మలూఫ్’ అంటారు. ఊద్ వాయిస్తూ మలూఫ్ పాడిన యూదు గాయకుడు రేమోన్ లేరిస్‌ను ముస్లిం శ్రోతలు కూడా ‘షేక్ రేమోన్’ అని పిలిచేవారు. 1961 జూన్ 22న ఆయనను ఆ ఊరి బజారులోనే కాల్చి చంపారు. ఆ ‘షేక్’ అక్కడ గురుస్థానానికి ఇచ్చే గౌరవం. ఇంటిపేరులా రాయకండి. ‘ఉస్తాద్’ లాంటిదని ఒక్క మాట చేర్చండి.