‘కేతువా యది?’: ముత్యాల సరాల్లో తోకచుక్క

గురజాడ ‘ముత్యాల సరములు’ కవితలో భర్త భార్యకి తోకచుక్కని చూపిస్తూ ‘ధూమకేతువు కేతువనియో మోము చందురు డలిగి చూడడు’ అన్న చోట చాలామంది, తోకచుక్క అశుభమని భార్య చూడటం లేదు అని అర్థం చెప్పేసి ముందుకెళ్లిపోతారు. నాకు మాత్రం ఇంకాస్త గడుసుగా కనిపిస్తుంది. గ్రహణం వేళ చంద్రుణ్ణి పట్టేవాడు కేతువు. ఆమె ముఖమేమో చంద్రుడు. ఆ పేరు వినే మొహం తిప్పుకున్నావా అని మొగుడి మేలమాట! అలకకి అసలు కారణం వేరు: అయ్యగారు కులాలు కలిసిన పంక్తిలో భోంచేసి వచ్చారు.

ఈ కవిత వచ్చిన ఏడాది 1910. మే 18-19 తేదీల్లో భూమి హేలీ తోకచుక్క తోకలోంచి వెళ్తుందని లెక్క తేలింది. అందులో సైనోజెన్ అనే విషవాయువు ఉందని అమెరికాలో యెర్కీస్ అబ్జర్వేటరీ వాళ్లు చెప్పడంతో పత్రికలకి పండగే. జనం తాళంకన్నాలు మూసుకున్నారు. ‘తోకచుక్క మాత్రలు’ అమ్మి సొమ్ము చేసుకున్నవాళ్లూ ఉన్నారు. పైగా మే 6న బ్రిటిష్ చక్రవర్తి ఏడవ ఎడ్వర్డ్ పోయాడు. శకునాలు చెప్పేవాళ్లకి ఇంకేం కావాలి? లోకమంతా ఇంత టెన్షన్‌లో ఉంటే గురజాడ తాపీగా ‘దూరబంధువు యితడు భూమికి, దారిబోవుచు చూడవచ్చెను’ అన్నాడు. చుట్టపుచూపుగా వచ్చాడట!

వ్యాఖ్య: కేతువంటే జెండా కూడా కదా మాస్టారూ? మొసలి జెండా ఉన్న మన్మథుణ్ణి మకరకేతుడు, ఎద్దు జెండా ఉన్న శివుణ్ణి వృషకేతుడు అన్నట్టు. ధూమకేతువు అంటే పొగ జెండా.

జవాబు: కిటుకంతా అక్కడే ఉందండీ. ‘కేతువా యది?’ అని గ్రహాన్ని పక్కకి నెట్టేశాడు. తర్వాత ‘తలతు నేనిది సంఘసంస్కరణ ప్రయాణ పతాకగాన్’ అంటాడు. పీడ అర్థం పోయి జెండా అర్థం పైకొచ్చింది. కావాలనే చేశాడని నా నమ్మకం. మధ్యలో దాన్ని వేల్పుటాడవాళ్లు ఆడుకునే ‘వెలితొగ’, అంటే తెల్లకలువ, అన్నాడు. అది మాత్రం ఉత్త సరసం.

వ్యాఖ్య: అంతా బాగుంది కానీ ‘బంధువు యితడు’ ఏమిటి? ఉత్వసంధి నిత్యం, అంటే ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి తప్పనిసరి. ‘బంధువితడు’ అనాలి.

జవాబు: అలా అంటే పద్యం నడక కుంటుతుంది. దూర (3), బంధువు (4), యితడు (3), భూమికి (4): మొత్తం 14 మాత్రలు (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత కాలం). సంధి చేస్తే 13కి పడిపోతుంది, 3-4 విరుపూ పోతుంది. పైగా మనం మాట్లాడేటప్పుడు ‘బంధువు యితను’ అనే అంటాం.