పబ్ పూల్‌కి నా స్నూకర్ క్యూ పనికొస్తుందా? ఈ రెండు షాట్ల గొడవేంటి?

ప్రశ్న, లెస్టర్ నుంచి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు పార్లర్‌లో స్నూకర్ ఆడేవాణ్ణి, అప్పుడప్పుడు నంబర్ల బంతులతో అమెరికన్ పూల్ కూడా. ఇక్కడ మా ఆఫీసువాళ్ళ పబ్ టీమ్‌లో ఒకరు తగ్గారని నన్ను లాగారు. లీగ్ మ్యాచ్ దగ్గర పడింది, ప్రాక్టీస్‌లో మాత్రం అంతా తికమకగా ఉంది.

ఇంటి నుంచి తెచ్చుకున్న యాష్ చెక్క క్యూ (ఆడే కర్ర) ఉంది, టిప్ (బంతికి తగిలే కొన) 9.5 మిల్లీమీటర్లు. దీంతో ఆడొచ్చా, పూల్ క్యూ వేరే కొనాలా? రెండోది, స్టన్ కొడితే తెల్ల బంతి అక్కడే ఆగాలి కదా, ఇక్కడ కొంచెం వెనక్కి వస్తోంది. నా చేతి లోపమా, టేబుల్ లోపమా? మూడోది రూల్స్. ఫౌల్ అయితే ఎదుటివాడికి రెండు షాట్లు అంటారు, ఒక్కొక్కళ్ళు ఒక్కో అర్థం చెబుతున్నారు. ఎవరిది కరెక్ట్?

జవాబు, బర్మింగ్‌హామ్ నుంచి

తమ్ముడూ, ముందు రెండోది చెప్తాను, మిగతా వాటికి మూలం అక్కడే ఉంది. నీ చెయ్యి బాగానే ఉంది. పబ్బుల్లో ఉండేది నాణెం వేసి ఆడే టేబుల్. రంగు బంతులు జేబులో పడితే లోపలే ఉండిపోవాలి, తెల్లది మాత్రం బయటికి రావాలి. టేబుల్ దాన్ని గుర్తుపట్టడానికి పాత పద్ధతి ఏమిటంటే తెల్ల బంతిని చిన్నదిగా చేయడం. ఎరుపు, పసుపు, నలుపు బంతులు 2 అంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు. తెల్లది 1⅞ అంగుళాలు, దాదాపు 47.6. చూడ్డానికి తేడా తక్కువే, కానీ బరువులో తెల్లది దాదాపు ఐదో వంతు తక్కువ.

తేలికైన బంతి బరువైనదాన్ని నిండుగా గుద్దితే ఆగదు, కొంచెం వెనక్కి తుళ్ళుతుంది. నువ్వు చూసింది అదే. ఇంకో సంగతి, స్క్రూ (తెల్లది వెనక్కి వచ్చే షాట్) చాలా సులువుగా వస్తుంది, ఫాలో (తెల్లది ముందుకి సాగే షాట్) మాత్రం రాదు. స్నూకర్‌లో బంతి వెనకాలే ముందుకి వెళ్ళే షాట్ ఇక్కడ సగంలో చచ్చిపోతుంది. పక్కగా తగిలే స్టన్‌లో కూడా తెల్లది నువ్వనుకున్న గీతకి కాస్త వెనగ్గా పోతుంది. కాబట్టి ఆగాలంటే బంతి నడిమికి కొంచెం పైన కొట్టు. ఒక సాయంత్రం ఇదొక్కటే ప్రాక్టీస్ చెయ్యి, పాట్ అయిందా (బంతి జేబులో పడిందా) లేదా పట్టించుకోకు.

అన్ని టేబుళ్ళూ ఇలా ఉండవు. కొన్నిటిలో తెల్లది కూడా మిగతా వాటి సైజే. మీ లీగ్‌లో ఏది వాడతారో కెప్టెన్‌ని అడుగు.

జవాబు, మాంచెస్టర్ నుంచి

క్యూ గురించి నేను చెప్తా బ్రో. కొనకు. పూల్ క్యూల టిప్ 8 నుంచి 8.5 ఉంటుంది, చిన్న తెల్ల బంతి మీద సైడ్ (బంతికి ఎడమకో కుడికో కొట్టి తిప్పడం), స్క్రూ గురిపెట్టడానికి సన్న టిప్ బాగుంటుంది, అంతే. 9.5తో లీగ్ ఆడేవాళ్ళు బోలెడుమంది. సన్నగా చేయించుకుందామని ఉన్న క్యూ ఫెర్రూల్‌ని (టిప్ కింద ఉండే బిళ్ళని) అరగదీయించకు, తర్వాత స్నూకర్‌కి పనికిరాకుండా పోతుంది. నీకు ఇబ్బంది క్యూ పొడవుతో వస్తుంది. 57, 58 అంగుళాల క్యూ పట్టుకుని పబ్ మూలలో ఉన్న టేబుల్ దగ్గర వంగితే వెనక గోడ తగులుతుంది. అందుకే చాలా పబ్బుల్లో ఒక పొట్టి క్యూ గోడకి ఆనించి ఉంటుంది. అది వాడటానికి మొహమాటపడకు.

టిప్ విషయంలో నా అభిప్రాయం వేరేవాళ్ళకి నచ్చకపోవచ్చు. ఎల్క్ మాస్టర్ చాలు. చవక, మెత్తన, నలిగితే మార్చేయొచ్చు. పొరలు పొరలుగా చేసే కామూయి లాంటివి ఎక్కువ రోజులు ఆకారం నిలుపుకుంటాయి, నిజమే. కానీ ఖరీదైన టిప్ వేసుకుని, పబ్‌లో ఎవరో అడిగితే క్యూ ఇచ్చి, వాడు దాంతో బ్రేక్ (బంతుల్ని చెదరగొట్టే మొదటి షాట్) కొడుతుంటే చూస్తూ నిలబడటం నా వల్ల కాదు. చాక్ మామూలు ట్రయాంగిల్ సరిపోతుంది. టావమ్ రాస్తే బంతి మీద మరక తక్కువ పడుతుందని స్నూకర్ వాళ్ళు ఎగబడతారు. అది నీకు క్లబ్‌లో పనికొస్తుంది, పబ్‌లో వేస్ట్.

క్యూని కారులో, హీటర్ పక్కన వదిలేయకు. చెక్క వంగిపోతుంది.

జవాబు, మళ్ళీ బర్మింగ్‌హామ్ నుంచి

ఇక రూల్స్. కరెక్ట్ ఎవరిదంటే, ఆ గదిలో ముందుగా ఒప్పుకున్నవాళ్ళది. స్నూకర్‌కి ప్రపంచమంతా ఒకటే పుస్తకం, పూల్‌కి అలా కాదు, వరల్డ్ రూల్స్, బ్లాక్‌బాల్ అని వేర్వేరు పుస్తకాలున్నాయి.

వరల్డ్ రూల్స్ ప్రకారం ఫౌల్ జరిగితే ఎదుటివాడికి రెండు విజిట్లు (విజిట్ అంటే తప్పేదాకా సాగే ఒక వంతు). మొదటి విజిట్‌లో మూడు బంతులు వేసి నాలుగోది తప్పినా, రెండో విజిట్ ఇంకా చేతిలో ఉంటుంది. బ్లాక్‌బాల్ రూల్స్‌లో ఒక ఫ్రీ షాట్, ఆ తర్వాత ఒక విజిట్. ఫ్రీ షాట్‌లో బంతి పడినా ఆ షాట్ అయిపోయినట్టే, తర్వాత తప్పితే లేచి రావాల్సిందే. రెండిటినీ జనం ‘రెండు షాట్లు’ అనే అంటారు, గొడవ అక్కడ మొదలవుతుంది. రెండిట్లోనూ మొదటి షాట్‌కి ఏ బంతినైనా ముందు తాకొచ్చు.

నువ్వు అమెరికన్ పూల్ ఆడావు కాబట్టి ఒక హెచ్చరిక. తెల్ల బంతిని ఇంకో బంతి మీదుగా ఎగిరించడం ఇక్కడ ఫౌల్. స్నూకర్‌లోనూ అంతే. అలాగే మీ బంతిని తాకితే సరిపోదు, తర్వాత ఏదో ఒకటి పాట్ కావాలి, లేదా ఏదైనా బంతి కుషన్‌కి (టేబుల్ అంచుకి) తగలాలి. స్నూకర్ ఆడినవాళ్ళు దీంట్లో దొరికిపోతారు, ఎందుకంటే మనకి ఎరుపుని మెల్లగా ఆనించి వదిలేయడం మంచి సేఫ్టీ (ఎదుటివాడికి సులువు షాట్ దొరకనీయని ఎత్తు).

జవాబు, షెఫీల్డ్ నుంచి

అన్నా, ఆ కుషన్ రూల్ అన్నిచోట్లా లేదు. మేం వెళ్ళే పబ్‌లో ఆనిస్తే చాలు. మాకు చివర్లో వేసే నలుపు మీద రెండు షాట్లు కూడా లేవు, ఒక్కటే. నలుపు ఏ జేబులో వేస్తావో ముందే చెప్పాలి. బ్రేక్‌లో నలుపు పడితే గెలిచినట్టే.

జవాబు, బర్మింగ్‌హామ్ నుంచి

మీ పబ్‌లో అది చెల్లుతుంది, లీగ్‌లో చెల్లదు. వరల్డ్ రూల్స్ అయినా బ్లాక్‌బాల్ అయినా బ్రేక్‌లో నలుపు పడితే మళ్ళీ పేర్చి ఆడతారు, గెలుపు లేదు, ఓటమి లేదు. నలుపుకి జేబు చెప్పే పని కూడా లేదు. అందుకే అంటున్నా, శుక్రవారం సాయంత్రం సరదా ఆటైనా సరే, నాణెం వేసేముందే ఈ నాలుగూ అడిగి తేల్చుకోవాలి: రెండు షాట్లంటే ఏంటి, నలుపు మీద ఎన్ని, కుషన్ తగలాలా, ఎవరిది ఎరుపు ఎవరిది పసుపు అనేది ఎప్పుడు ఖాయమవుతుంది. సగం ఆటలో అడిగితే ఓడిపోతున్నాడు కాబట్టి అడుగుతున్నాడంటారు.

కావాలని స్నూకర్ చేస్తే (ఎదుటివాడి బంతికి దారి అడ్డుపెడితే) కొందరు మొహం మాడ్చుకుంటారు. పట్టించుకోకు, అది ఆటలో భాగమే.

ప్రశ్న అడిగినవారు

చాలా థాంక్స్ అన్నా. కెప్టెన్‌ని అడిగాను. లీగ్ మ్యాచుల్లో వరల్డ్ రూల్స్ అట, తెల్ల బంతి మిగతా వాటి సైజే అట. అయితే స్టన్ మామూలుగానే ఆడొచ్చన్నమాట. ఇంకొకటి: ఇక్కడ క్లబ్‌లో పెద్ద టేబుల్ మీద మెల్లగా కొడితే బంతి జేబు దగ్గర పక్కకి జరుగుతోంది. టేబుల్ వాలుగా ఉందా?

జవాబు, మాంచెస్టర్ నుంచి

వాలు కాకపోవచ్చు, నూగు అయ్యుంటుంది. స్నూకర్ గుడ్డకి సన్నటి నూగు ఉంటుంది, అది బాల్క్ వైపు (ఆట మొదలుపెట్టే చివర) నుంచి నలుపు స్పాట్ వైపుకి వాలి ఉంటుంది. 12 అడుగుల టేబుల్ కదా, మెల్లగా వెళ్ళే బంతి చివర్లో దానికి లొంగుతుంది. మధ్య జేబులోకి మెల్లగా వేసేటప్పుడు బంతి నలుపు వైపుకి కొంచెం లాగుతుంది, ఆ మేరకి ముందే వదులుకుని గురిపెట్టు. సైడ్ పెట్టి మెల్లగా కొడితే తేడా ఇంకా ఎక్కువ: నూగు వెంబడి వెళ్ళేటప్పుడు సైడ్ పెట్టిన వైపుకే తిరుగుతుంది, ఎదురు వెళ్ళేటప్పుడు రెండో వైపుకి.

వాలు అనుమానం తీరాలంటే ఒకే షాట్‌ని సైడ్ లేకుండా రెండు చివర్ల నుంచీ కొట్టి చూడు. ఎటునుంచి కొట్టినా ఒకే పొడవు కుషన్ వైపుకి జరిగితే వాలే, అప్పుడు క్లబ్ వాళ్ళకి చెప్పు. గుడ్డని బ్రష్ చేయాల్సి వస్తే బాల్క్ నుంచి నలుపు వైపుకి ఒకే దిశలో లాగాలి. అడ్డదిడ్డంగా చేస్తే నూగు రేగి టేబుల్ ఇంకా పాడవుతుంది.

జవాబు, హైదరాబాద్ నుంచి

చదువుతూ కూర్చున్నా, ఒక్క మాట చెప్పి పోతా. స్నూకర్ పుట్టింది మన జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో, 1875లో. రూల్స్ ఊటీ క్లబ్‌లో ఒక రూపానికొచ్చాయి. కాబట్టి లెస్టర్‌లో క్యూ పట్టుకుని టెన్షన్ పడాల్సిన పని నీకు లేదు తమ్ముడూ. సెలవులకి వచ్చేటప్పుడు మాత్రం క్యూని గట్టి కేసులో పెట్టి చెక్-ఇన్‌లో వెయ్యి, చేతిలో పట్టుకుని విమానం ఎక్కుదామనుకోకు. రెండు ముక్కల క్యూ అయితే ఇంకా నయం.