‘ఒరులేయవి యొనరించిన’: దేవుడి ఊసు లేని ధర్మం నిహిలిజం ముందు నిలుస్తుందా?

ప్రశ్న (కందుకూరు నుంచి)

పెద్దలకు నమస్కారం. తిక్కనగారి భారతంలోని ఈ కందం అందరికీ తెలిసినదే.

ఒరులేయవి యొనరించిన
నరవర! యప్రియము తన మనంబున కగుఁ దా
నొరులకు నవి సేయకునికి
పరాయణము పరమధర్మ పథముల కెల్లన్.

అంటే ఒరులు (ఇతరులు) ఏవి చేస్తే తన మనసుకు అప్రియమో, వాటిని తాను ఒరులకు చేయకుండా ఉండడమే పరమధర్మ మార్గాలన్నిటికీ ‘పరాయణము’ అని. ఇందులో ‘పరాయణము’ అంటే ఆశ్రయమా, గమ్యమా? రెండో సందేహం కాస్త పెద్దది. దేవుడు లేడు, మంచిచెడ్డలకు ఆధారమూ లేదు అనే నిహిలిజం చదువుకున్న యువకుల మాటల్లో తరచు వినిపిస్తున్నది. దేవుడి ప్రస్తావనే లేని ఈ పద్యం దానికి జవాబు కాగలదా?

జవాబు (నెల్లూరు నుంచి)

మాస్టారూ, మొదటి సందేహానికి పద్యంలోనే ఆధారం ఉంది. ‘పథములకెల్లన్’ అన్నాడు కనుక, దారులన్నీ చివరికి చేరే చోటు అన్న అర్థమే బాగా పొసగుతుంది. ఆశ్రయమన్నా తప్పు లేదు.

రెండోదానికి కొంత వెనక్కి వెళ్ళాలి. జర్మన్ తత్వవేత్త యాకోబీ 1799లో తోటి తత్వవేత్త ఫిష్టేకు రాసిన లేఖలో నిహిలిజం అన్న మాటను ఒక నిందగా వాడాడు. 1862లో రష్యన్ రచయిత తుర్గేనెవ్ నవలలోని బజారవ్ పాత్ర దానిని జనంలోకి తెచ్చింది. జర్మన్ తత్వవేత్త నీషే నిహిలిజాన్ని బోధించాడని మనవాళ్ళు తరచు రాస్తుంటారు గాని, ఆయన దానిని యూరప్‌కు పట్టిన జబ్బుగా చూసి, దాటే దారి వెతికినవాడు. 1882 నాటి ఆయన గ్రంథంలో, పట్టపగలు లాంతరు పట్టుకొని సంతలో దేవుణ్ణి వెతికే పిచ్చివాణ్ణి చూసి పగలబడి నవ్వినవారు భక్తులు కారు, అప్పటికే నమ్మకం వదులుకున్నవారు. నమ్మకంతో పాటు ఇంకా ఏమేమి కూలబోతున్నాయో వారికి తెలియదన్నదే ఆ పిచ్చివాడి గోడు. ఆ సంగతినే నీషే 1889లో వచ్చిన మరో పుస్తకంలో, ఆంగ్ల రచయిత్రి జార్జ్ ఎలియట్‌ను ఉద్దేశించి, ఇంకా కటువుగా చెప్పాడు: క్రైస్తవ దేవుణ్ణి వదిలేసి క్రైస్తవ నీతిని మాత్రం అట్టిపెట్టుకోవడం కుదరదు, ఎందుకంటే ఆ నీతి ఒక ఆజ్ఞ, ఆజ్ఞాపించినవాడు లేనప్పుడు దానికి అధికారమూ లేదు.

తిక్కన పద్యంలో ఆజ్ఞ లేదు. ‘సేయకుము’ అనలేదు, ‘సేయకునికి’ అన్నాడు, అంటే చేయకుండా ఉండడం. దాని కొలత కూడా శాస్త్రంలోనో స్వర్గంలోనో లేదు, ‘తన మనంబున’ ఉంది. ఆయన నాస్తికుడు కాడు సుమా. శివుడా కేశవుడా అని జనం తగవులాడుకుంటున్న కాలంలో హరిహరనాథుడికి భారతాన్ని అంకితమిచ్చిన భక్తుడు. అంతటి భక్తుడు ఇక్కడ దేవుణ్ణి సాక్షిగా పిలవలేదు. కాబట్టి నీషే అభ్యంతరం ఈ పద్యానికి నేరుగా తగలదని నా అభిప్రాయం.

స్పందన (ఒంగోలు నుంచి)

అయ్యా, మీరు తేలిక దారి పట్టారు. ‘నాకు అప్రియమైతే నేను ఏడుస్తాను, ఒరుల అప్రియంతో నాకేం పని?’ అని నిహిలిస్టు అడిగితే పద్యం ఏం చెబుతుంది?

జవాబు (నెల్లూరు నుంచి)

ఏమీ చెప్పదు. మొదటి సగంలో చేసేవారు ఒరులు, రెండో సగంలో చేసేవాడు తాను. ఆ తారుమారును మనసులో జరుపుకోగలిగిన మనిషితోనే పద్యం మాట్లాడుతుంది. ఆ పని చేయడానికి కావలసిన పూనికను నిన్నమొన్నటిదాకా నమ్మకం ఇచ్చింది: అందరూ దేవుడి బిడ్డలనో, అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అనో. నమ్మకం సడలితే కొలత అలాగే మిగిలి, పూనిక పోతుంది. మా వైపు పక్కవాడి రొయ్యల గుంట ఉప్పునీరు తన వరిమడిలోకి వస్తే పంచాయితీ పెట్టే రైతే, తన గుంట నీళ్ళు కాలవలోకి వదిలేటప్పుడు ‘ఏముండాదిలే అబ్బయా’ అంటాడు. ఆయన నీషే పేరు విని ఉండడు, గుడికి కూడా వెళ్తాడు. నిహిలిజం పుస్తకాల్లో కంటే ఆ ‘ఏముండాదిలే’లోనే ఎక్కువ పని చేస్తున్నదని నాకనిపిస్తుంది.

స్పందన (ఒంగోలు నుంచి)

ఇది ఒప్పుకుంటాను. అయితే ‘ఒరులు’ ఎవరన్నది కూడా చూడాలి. ఈ పద్యం పుట్టిన తరువాత వందల ఏళ్ళపాటు మన పల్లెల్లో మాదిగవాడల మనుషులను ఒరుల లెక్కలోనే వేయలేదు. పద్యం తెలిసినవారే వేయలేదు. కరువు రోజుల్లో బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకొని వారికి పని చూపించిన మిషనరీ క్లౌ దగ్గర, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దేవుడు చనిపోయాడని యూరప్ సంతలో పిచ్చివాడు అరవడానికి అది నాలుగేళ్ళ ముందు మాట. వారికి ఆ నమ్మకం ముందుగా ఇచ్చింది తామూ మనుషుల లెక్కలో ఉన్నామన్న హామీ. అలా వచ్చిన నమ్మకాన్ని మునిమనవలు చదువుకొని వదిలేస్తే, దానితో పాటు ఆ హామీ కూడా పోతుందా, లేక చట్టమూ చదువూ దాని చోటు తీసుకుంటాయా అన్నది, గుంపులో ఉన్న ఆ ఊళ్ళవారు చెబితే వినాలని ఉంది.