"గెట్" అంటే అసలు ఏమిటండీ? కస్టమర్ల మెసేజీల్లో ఒక్కోసారి ఒక్కో అర్థం వస్తోంది

గుంటూరు కుట్టుమిషన్:
నమస్కారమండీ. గుంటూరు బ్రాడీపేటలో నాకు చిన్న టైలరింగ్ షాపుంది. 14 ఏళ్లుగా నేనే నడుపుతున్నాను. టెన్త్ వరకు తెలుగు మీడియం. మా చుట్టుపక్కల ఆడపిల్లలు చాలామంది పెళ్లిళ్లయి అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లారు. ఆది జాకెట్టు నా దగ్గరే ఉంచి, వాట్సాప్‌లో ఆర్డర్లు పెడతారు. ఫోన్లో తెలుగే మాట్లాడతారు, మెసేజీ మాత్రం ఇంగ్లిష్‌లో వస్తుంది. అందులో "గెట్" లేకుండా ఉండదు.

పోయిన నెల ఒకమ్మాయి వాళ్ల అమ్మగారి చేత జాకెట్టు ముక్కలు పంపించి, "డిడ్ యూ గెట్ ఇట్?" అని అడిగింది. అందాయా అని కదా, ఎస్ అన్నాను. రెండు రోజులకు వెనక మెడ ఎలా ఉండాలో వాయిస్ మెసేజీ పెట్టి, కింద మళ్లీ అదే మాట. ముక్కల గురించే అనుకుని మళ్లీ ఎస్ పెట్టాను. నిజానికి ఆ మెడ నాకు సగమే అర్థమైంది. తర్వాత ఒక జాకెట్టు మెడ విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది.

అసలు బాధ అది కాదు. 6 జాకెట్లు, లైనింగుతో సహా, హుక్కులు, కాజాలు అన్నీ నా చేత్తోనే చేశాను. అన్నీ అయ్యాక "ఐ గాట్ యువర్ బ్లౌజెస్ స్టిచ్డ్" అని పెట్టాను. ఆ అమ్మాయి వెంటనే ఫోన్ చేసి, "బయట ఎవరికిచ్చావక్కా? నువ్వు కుడతావనే కదా నీకు పంపింది" అంది. ఎవరికీ ఇవ్వలేదమ్మా అని చెప్పాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. నేను రాసినదాంట్లో తప్పేముంది? డిక్షనరీ తీస్తే ఈ ఒక్క మాటకే బోలెడు అర్థాలున్నాయి. అన్నీ బట్టీ పట్టాలా?

పటమట మాస్టారు:
బట్టీ వద్దమ్మా. విజయవాడలో 30 ఏళ్లు హైస్కూలు పిల్లలకు ఇంగ్లిష్ చెప్పాను. "గెట్"ను ఒంటరిగా చూస్తే ఎవరికీ అర్థం కాదు. దాని పక్కన ఏ మాట ఉందో చూడాలి.

ముందు మీ జాకెట్ల సంగతి. మనకు "కుట్టాను" వేరు, "కుట్టించాను" వేరు. "ఇంచు" చేరగానే సూది పట్టిన మనిషి మారిపోతాడు. ఇంగ్లిష్ క్రియకు అలా చివర తగిలించే ముక్క లేదు. ఆ పని "గెట్" చేస్తుంది. గెట్, దాని వెనక వస్తువు, ఆ వెనక స్టిచ్డ్, రిపేర్డ్ లాంటి మాట ఉంటే, చాలావరకు వేరేవాళ్ల చేత చేయించడమే. "ఐ గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్" మీ కస్టమరు అనవలసిన మాట. మీరు "ఐ స్టిచ్డ్ దెమ్ మైసెల్ఫ్" అనండి. అలాగని మీ వాక్యం తప్పని కాదు. "ఐ గాట్ ది వర్క్ డన్" అన్నప్పుడు తానే కూర్చుని పూర్తిచేశాడనే అర్థమూ ఉంటుంది. మీరు ఆ అర్థంతో రాశారు, ఆ అమ్మాయి మొదటి అర్థం తీసుకుంది. మన పిల్లలు దీనికి తలకిందులుగా చేస్తారు. సెలూన్‌లో కటింగ్ చేయించుకొచ్చి "ఐ కట్ మై హెయిర్" అంటారు. కత్తెర తామే పట్టినట్టు! "ఐ గాట్ మై హెయిర్ కట్" అనాలి.

ఇంకొకటి నాకు చాలా ఇష్టమైన సంగతి. మనం "నాకు ఉత్తరం వచ్చింది, నాకు ఉద్యోగం వచ్చింది, నాకు కోపం వచ్చింది" అంటాం. వచ్చేది ఉత్తరమో కోపమో, మనం "నాకు" అని పక్కన ఉంటాం. ఇంగ్లిష్‌వాళ్లు ఇక్కడ మనిషినే ముందు నిలబెడతారు. ఐ గాట్ ఎ లెటర్, ఐ గాట్ ఎ జాబ్, ఐ గాట్ యాంగ్రీ. "నాకు ఫలానాది వచ్చింది" అని నోటిదాకా వచ్చినప్పుడు "ఐ గాట్" పెట్టి చూడండి, చాలాచోట్ల కుదురుతుంది. ఆకలికి, దాహానికి మాత్రం "ఐ యామ్ హంగ్రీ, ఐ యామ్ థర్స్టీ" అనడమే అలవాటు.

"డిడ్ యూ గెట్ ఇట్?" కూడా అంతే. "వాడు చెప్పింది నా బుర్రకు అందలేదు" అని మనమూ అంటాం కదా. వస్తువు చేతికి అందినా, మాట బుర్రకు అందినా వాళ్లకు గెట్ ఒక్కటే. అనుమానం వస్తే "ది క్లాత్ ఆర్ ది డిజైన్?" అని అడిగేయండి.

రోజూ బెజవాడ బస్సు:
మాస్టారు చెప్పాక నేను చెప్పేది కొంచెమే. గుంటూరు నుంచి రోజూ విజయవాడ ఆఫీసుకు వస్తాను. "ఐ విల్ గెట్ డౌన్ ఎట్ వారధి" అనడం మనకు అలవాటు, మన దేశంలో ఎవరికైనా అర్థమవుతుంది. బ్రిటన్, అమెరికా వాళ్లు బస్సుకి, రైలుకి "గెట్ ఆఫ్" అంటారు. ఎక్కడం "గెట్ ఆన్". కారుకి, ఆటోకి అయితే "గెట్ ఇన్", "గెట్ అవుట్".

అక్కా, మీకు ముఖ్యంగా పనికొచ్చేది ఇది: "ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ" అంటే ఆలోచించుకుని జవాబు చెప్తాను అని. మనిషి తిరిగి వస్తానని కాదు.

గుంటూరు కుట్టుమిషన్:
అయ్యో తమ్ముడూ, దసరా ముందు ఒకావిడ సరిగ్గా అదే పెట్టింది. వస్తుందని ఆదివారం కూడా షాపు తెరిచి కూర్చున్నాను!

మాస్టారూ, అమెరికా అమ్మాయి "ఐ హావ్ గాటెన్ ది పార్సెల్" అని రాసింది. ఇది తప్పా?

పటమట మాస్టారు:
తప్పు కాదమ్మా. అమెరికాలో అందింది అనడానికి "గాటెన్" అంటారు. బ్రిటన్‌లో "గాట్" అనే అంటారు. మీరు ఏది రాసినా అర్థమవుతుంది.

గుంటూరు కుట్టుమిషన్:
ఆ అమ్మాయే నిన్న సంక్రాంతికి ఇంకో 2 జాకెట్లు పంపించింది. ఇందాకే రాశాను: "ఐ గాట్ ది క్లాత్. ఐ డిడ్ నాట్ అండర్‌స్టాండ్ ది స్లీవ్స్. ప్లీజ్ సెండ్ ఎ ఫొటో. ఐ విల్ స్టిచ్ బోత్ మైసెల్ఫ్." ఫొటో వచ్చింది. మోచేతి దాకా పొడుగు, అంచుకి సన్న పైపింగ్. రేపు పొద్దున్నే కత్తిరిస్తాను.